మాజీల బల్ల

...అంటే ద్వేషం కాదు. ద్వేషమైతే ముందే తెలిసిపోయేది, వీధిలో ఎవరో ఒకరు మొహం తిప్పుకునేవారు. ఎవరూ తిప్పుకోలేదు. నవ్వుతూ పలకరించారు, నవ్వుతూనే వెళ్లి ఇంకొకరికి ఓటేసి వచ్చారు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని అతను ఆ నవ్వుల్ని ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటున్నాడు. ఎమ్మెల్యే కాకముందు ఫొటో స్టూడియో నడిపినవాడు. పెదవులతో నవ్వేదెవరో, కళ్లతో నవ్వేదెవరో కెమెరా వెనకనుంచి ఇట్టే పట్టేసేవాడు. ఆ నమ్మకం కూడా నిన్న ఓట్ల లెక్కింపుతో పాటే పోయింది.

ఈ నియోజకవర్గం ఏర్పడ్డప్పటినుంచీ ఎవరినీ రెండోసారి శాసనసభకి పంపలేదు. ఆ సంగతి తెలియక కాదు. ఆ ఆనవాయితీని చెరిపేసేవాణ్ని నేనేనని, గెలిచిన రాత్రినుంచే లోపల ఎక్కడో నమ్ముకున్నాడు. పైకి మాత్రం అంతా ప్రజల దయ అనేవాడు. అలా అంటున్నప్పుడు గొంతులో పలికిన వినయాన్ని తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేసింది.

మొదట గెలిచింది వకీలు. ఆయన సభకి వెళ్లిపోయాక తగాదాలు తీర్చే దిక్కులేక, జనమే ఓడించి వెనక్కి తెచ్చుకున్నారని చెప్పుకుంటారు. ఆయన్ని ఓడించిన డాక్టరమ్మది సగం ఊరికి పురుడు పోసిన చెయ్యి. ఆవిడ సభలో కూర్చుంటే ఇక్కడ కాన్పులెవరు చూస్తారని ఆడవాళ్లంతా కూడబలుక్కున్నారట. ఆ తర్వాత బస్సులాయన. ఆయన ఎమ్మెల్యే అయ్యాక బస్సులు వేళకి రావడం మానేశాయని ఆయన్నీ దించేశారు. ప్రతి ఓటమికీ ఒక కథ ఉంది. ప్రతి కథలోనూ మా మనిషి మాకు కావాలన్న మారాం ఉంది.

ఆ బస్సులాయన్ని ఓడించింది తనే.

మరి తన కథేమిటి? స్టూడియోని మేనల్లుడు నడుపుతున్నాడు, తనకంటే బాగా. తను తిరిగి రాకపోతే ఆగిపోయే పని ఈ ఊళ్లో ఒక్కటీ లేదు. రాత్రంతా అతన్ని తొలిచింది ఇదే. తనని ఊరు కావాలని తెచ్చుకోలేదు, అక్కర్లేదని పంపించేసింది.

బయట స్కూటరు ఆగింది. ఎవరొచ్చారో చూడక్కర్లేదు. ఓడిపోయిన మాజీలంతా రోజూ పొద్దున సెలూన్ ముందున్న బల్లమీద కూర్చుంటారు. ఊరు దాన్ని మాజీల బల్ల అంటుంది. కొత్తగా ఓడినవాణ్ని మర్నాడు ఇంటికెళ్లి తీసుకురావడం, అంతకుముందు ఓడినవాళ్ల బాధ్యత. వకీలు వెళ్లి డాక్టరమ్మని తెచ్చాడు, డాక్టరమ్మ వెళ్లి బస్సులాయన్ని తెచ్చింది. వకీలు కోసం మాత్రం ఎవరూ వెళ్లలేదు. ఇంట్లో మొహాలు చూడలేక గడ్డం గీయించుకుందామని తనే వెళ్లి ఆ బల్లమీద కూర్చున్నాడు.

"పడుకున్నానని చెప్పు," అన్నాడు భార్యతో.

"ఓడిపోయింది మీరు, అబద్ధాలు చెప్పాల్సింది నేనా?" అంటూ ఆమె తలుపు దగ్గరగా వేసి వెళ్లింది.

వరండాలో కుర్చీ జరిగిన చప్పుడు.

"మా బావ లేచాడా, చెల్లెమ్మా?"

"లేచారు అన్నయ్యా. పడుకున్నారని చెప్పమన్నారు."

"నేనూ అదే చెప్పమన్నా అప్పట్లో. మీ వదిన పాపం అలాగే చెప్పింది. డాక్టరమ్మ వింటేగా. లోపలికొచ్చేసి, ఏదీ నాలుక చూపించు అంది."

భార్య నవ్వింది. గదిలో అతనికి ఒళ్లు మండింది, వెంటనే ఆశ్చర్యమూ వేసింది. ఈ ఇంట్లో ఆమె ఇలా నవ్వి ఎన్నాళ్లయింది? వరండానిండా కండువాలూ అర్జీలూ నిండిపోయాక ఆమె వంటగది దాటి వచ్చిందే తక్కువ.

చెవులు రిక్కించి బస్సులాయన గొంతులో సంతోషం కోసం వెతికాడు. ఉండి తీరాలి. తనైతే ఉండేది. అదొక్కటి దొరికితే కోపం తెచ్చుకుని, ఆ కోపాన్ని పట్టుకుని హాయిగా ఇక్కడే పడి ఉండొచ్చు.

కుర్చీ తలుపు దగ్గరికి జరిగింది.

"బావా, వింటున్నావని తెలుసులే. నా ఓటు నీకే వేశాను."

"ఎందుకు?" ఆ మాట అతని నోటినుంచి దానంతటదే వచ్చేసింది.

"నువ్వు రెండోసారి కూడా గెలిస్తే, నన్ను ఓడించినవాడు మామూలోడు కాదని నలుగురికీ చెప్పుకోవచ్చనుకున్నా. ఆ సుఖం కూడా దక్కనివ్వలేదు నువ్వు."

నవ్వొచ్చింది. దిండులో మొహం దాచుకున్నాడు. నవ్వు తగ్గాక తలుపువైపు తిరిగి అడిగాడు.

"డాక్టరమ్మని కాన్పుల కోసం ఓడించారు. మిమ్మల్ని బస్సుల కోసం. మరి నన్నెందుకు?"

తలుపు అవతల కుర్చీ కిర్రుమంది.

"అవి నమ్మావా నువ్వు? మేం అల్లినవయ్యా. డాక్టరమ్మది వకీలు అల్లాడు. కూర్చుని కూర్చుని, చెప్పి చెప్పి, ఊరిచేత కూడా చెప్పించాడు. నాది డాక్టరమ్మ పుణ్యం. నా బస్సులు నేను గెలవకముందు మాత్రం వేళకొచ్చాయా?"

అతను లేచి కూర్చున్నాడు.

"మరి నాది?"

"అదే చిక్కు. పొద్దున్నే ముగ్గురం కూర్చుని తన్నుకుంటున్నాం. పెళ్లి ఫొటోల కోసం ఓడించారని పెడదామంటాడు వకీలు. నీ మేనల్లుడేమో బాగా తీసి చస్తున్నాడు. నువ్వు కూడా ఉంటే ఏదో ఒకటి తడుతుందని వచ్చా."

"ఇంట్లో తోచక నేనే ఓడించానని చెప్పండి అన్నయ్యా," అంది భార్య.

"అది మాత్రం జనం నమ్మరమ్మా."

ఇద్దరూ నవ్వుకుంటున్నారు. లోపల అతను కదలకుండా కూర్చున్నాడు. తనని ఓడించిన డాక్టరమ్మ కోసం వకీలు రోజుల తరబడి ఆ బల్లమీద కూర్చుని కథ అల్లుతూ ఉండటం అతని కళ్లముందు కదిలింది. ఆవిడ తలెత్తుకుని తిరగాలని. తనని ఓడించిన బస్సులాయన కోసం ఆవిడ. వాళ్లెవరికీ అందులో లాభం లేదు. ఇన్నాళ్లూ తను చెరిపేయాలనుకున్న చరిత్ర ఇదా? రాత్రంతా వేలమంది మొహాల్లో వెతుకుతూ, ఆ బల్లవైపు చూడనే లేదు.

దండెం మీద గంజిపెట్టిన తెల్లచొక్కా ఉంది. దాన్ని వదిలేసి, అలమరా అడుగునుంచి స్టూడియో రోజుల గళ్ల చొక్కా లాగి వేసుకున్నాడు. పొట్ట దగ్గర బిగుతైంది.

అతను బయటికి రాగానే బస్సులాయన పైనుంచి కిందిదాకా చూసి, స్కూటరు స్టాండు తీశాడు. ఆయన కళ్లకిందా నిద్రలేని నలుపు.

"వెనక ఎక్కు. బ్రేకులు అంతంతమాత్రం, గట్టిగా పట్టుకో."

"బస్సులు నడిపినాయన బండికి బ్రేకుల్లేవా?" అంది భార్య గేటు పట్టుకుని.

అతను ఎక్కాడు. వెనక సీటు కొస పట్టుకున్నాడు. కాసేపు అలాగే ఉండి, దాన్ని వదిలేసి, ముందున్న మనిషి భుజం మీద చెయ్యి వేశాడు.