సాలు సాలుకూ పెరిగే శ్రుతి

మా అమ్మ నల్లమ్మకు గొంతు తీసేసి పద్నాలుగు నెలలైంది. మాటవరసకు అనడం లేదు, నిజంగానే తీసేశారు. క్యాన్సరని చెప్పి స్వరపేటిక మొత్తం తొలగించి, ఊపిరి కోసం మెడ కింద ఒక రంధ్రం పెట్టారు. దాని మీద పల్చటి గుడ్డ కట్టుకుని అమ్మ పొద్దస్తమానం గోడకు ఆనుకుని కూర్చుంటోంది. ఏదైనా రాసి చూపిద్దామంటే ఆమెకు చదువు రాదు.

ముప్పై ఏళ్లు మా ఊరు యాడికి చుట్టుపక్కల వేరుశెనగ చేలల్లో కలుపు తీసే ఆడవాళ్లకు ముందుండి పాట చెప్పిన మనిషి ఆమె. ఆమె ఒక చరణం ఎత్తుకుంటే వెనక పన్నెండు మంది అందుకునేవాళ్లు. ఇప్పుడు అదే ఆడవాళ్లు మా ఇంటి ముందు నుంచి చేనికి పోతుంటే లేచి లోపలికి వెళ్లిపోతోంది. తిండి సగానికి తగ్గింది. గడప దాటడం అసలే లేదు. ఇట్లాగే ఉంటే ఈమె నాకు దక్కదని భయం పట్టుకుంది.

నేను ఇంట్లోనే పిల్లలకు కీబోర్డు నేర్పుతాను. నాకు ముక్కు మీద కోపం, అందులోనూ స్వరం తప్పితే చెప్పనక్కర్లేదు. ఉన్న విద్య ఇదొక్కటే కాబట్టి, అమ్మ పాటను ఆమె వేళ్లకు అందిద్దామని పూనుకున్నాను.

నా దగ్గరున్న చిన్న మిడి కీబోర్డు తనంతట తాను మోగదు. ఏ మెట్టు నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు అన్న కబురు మాత్రం లాప్‌టాప్‌కు మోస్తుంది. మోగేది లాప్‌టాప్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్ సింథసైజర్. ఆడగొంతుకు దగ్గరగా ఉండే ఒక శబ్దాన్ని ఎంచి అమ్మ ముందు పెట్టాను. అమ్మ నాలుగు మెట్లు నొక్కి, వేలు కాలినట్టు చెయ్యి లాగేసుకుంది.

తప్పు ఆమెది కాదు. మామూలు కీబోర్డులో మెట్టుకూ మెట్టుకూ మధ్య దూరాన్ని నూరు పాళ్లు చేసి సెంట్లని లెక్కపెడతారు. షడ్జమం నుంచి ఒక గాంధారం మూడు వందల మీద ఉంటుంది, ఇంకొకటి నాలుగు వందల మీద. మా అమ్మ గాంధారం ఆ రెంటికీ నడుమ ఉంది. ఎనిమిదేళ్ల కిందట, నేను లేని రోజు చూసి, మా తమ్ముడు సురేంద్ర చేను దగ్గర ఆమె పాటను ఫోన్లో రికార్డు చేశాడు. దాన్ని కొలిస్తే గాంధారం మూడు వందల నలభై ఎనిమిది దగ్గర తేలింది. అదృష్టం ఏమిటంటే సాఫ్ట్‌వేర్‌లో ఏ మెట్టు ఎంత పలకాలన్నది మన చేతిలో ఉంటుంది. వారం రోజులు కూర్చుని ఆమె ఏడు స్వరాలనూ కొలిచి ట్యూనింగ్ ఫైలు రాశాను. ఏడు మెట్ల మీద ఏడు బొట్టుబిళ్లలు అంటించాను.

నాలుగైదు రోజులు మెట్లు తడుముకున్నాక అమ్మ మొదటి చరణం వాయించింది. "పోతాంది పోతాంది పడమటి మబ్బు, పట్టుకోండమ్మా కొంగున దాన్ని." గాంధారం పలికినప్పుడు నా వైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మరవను. రెండో చరణంలో నుదురు ముడిచింది. మూడో చరణం మధ్యలో ఆపేసి తల అడ్డంగా ఊపింది. మర్నాడూ అంతే. మూడో రోజు కీబోర్డును పక్కకు తోసి గోడ వైపు తిరిగి పడుకుంది.

"ఏం కావల్లమ్మా నీకు? నీ స్వరాలే కదా ఇవి!" అని అరిచాను. గొంతు లేని మనిషి మీద గొంతు పెంచిన ఘనురాలిని నేను. అరిచాక సిగ్గేసి వంటింట్లో కూర్చున్నాను.

ఆ సాయంత్రం లక్ష్మీదేవమ్మ పెద్దమ్మ ఉడకబెట్టిన శెనక్కాయలు తీసుకుని అమ్మను చూడ్డానికి వచ్చింది. అమ్మ పక్క సాలు ఎప్పుడూ ఆమెదే. నా అవస్థ చెప్పుకుని, అమ్మ మూడు చరణాలనూ నేనే వాయించి వినిపించాను.

"బాగుండాదే పాపా. గొంతు అచ్చం మీయమ్మదే" అంది. "కానీ పాట ఉన్న తావునే ఉండాదే? తొలి చరణం ఎట్లుండాదో మూడోదీ అట్లే ఉండాది" అంది.

"శ్రుతి అట్లే ఉండల్ల పెద్దమ్మా. ఫోన్లో అమ్మది చరణానికింత పైకి పోతాంది. దాన్నంతా నేనే సరి చేసినా."

"సరి చేసినావా!" పెద్దమ్మ చేతిలో శెనక్కాయ చేతిలోనే ఉండిపోయింది. "ఎవురు చెయ్యమన్నారే నిన్ను? అది తెలీక పోయిందనుకున్నావా? మీయమ్మ కావాలనే ఎత్తుతాండె. సాలు మొదట్లో అందరం పక్కపక్కనే ఉంటాము. పోనూ పోనూ ఒకరు ముందు, ఒకరు ఎనక. ఎనకబడినోళ్లకి పాట ఇనపడల్ల గదా? గట్టిగా పాడితే అరుపైతాది. రవ్వంత ఎత్తుకుంటే ఆ గాలిలో గూడా దూరం పోతాది. ఆఖరోళ్లు గెనిమ, అదే ఆ చివరి గట్టు, తాకినాంకనే మళ్లీ దించుతాండె."

"ఆఖరోళ్లంటే?"

"ఎవురేంది, నువ్వే! సెలవులకి చేనికి వచ్చినప్పుడల్లా నువ్వే ఎనక. మోకాళ్లు నొప్పులని ఏడుస్తాంటివి. నీ కోసరం ఎత్తీ ఎత్తీ, ఒకోనాడు మాకు అందుకునేకి అయితాన్లా."

పదహారేళ్లప్పుడు తాడిపత్రిలో సంగీతం నేర్చుకుంటూ, శ్రుతిపెట్టె ఒకటి కొనుక్కుని నేరుగా చేనికి పోయాను. దాన్ని మోగించి, అందరి ఎదుటా అమ్మతో, "నీకు శ్రుతి నిలవదు, చూడు ఎంత పైకి పోయినావో" అన్నాను. ఆడవాళ్లు నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. ఆ తర్వాత నేనుండగా ఆమె ఎప్పుడూ పాడలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు, పాతికేళ్లు అది అమ్మ లోపమనే అనుకున్నాను. నా కోసం ఎత్తిన శ్రుతిని నేనే తప్పన్నాను. లాప్‌టాప్‌లో మళ్లీ నేనే దాన్ని దించేశాను. నా మీద నాకు అంత అసహ్యం ఎన్నడూ కలగలేదు.

రాత్రి పడుకోబోయే ముందు ఒక్క మార్పు చేశాను. కీబోర్డుకు ఎడమ పక్క రెండు చిన్న చక్రాలుంటాయి. శ్రుతి వంచే చక్రాన్ని వదిలేస్తే తిరిగి మొదటికి వచ్చేస్తుంది. రెండోది ఎక్కడ వదిలితే అక్కడే నిలుస్తుంది. ఆ రెండోదానికి ఏడు స్వరాల శ్రుతినీ కలిపి కట్టాను. చక్రం పైకి తిప్పే కొద్దీ, స్వరాల మధ్య దూరాలు చెదరకుండా, పాట మొత్తం మెల్లగా రెండు మెట్ల దాకా లేస్తుంది.

పొద్దున అమ్మ ఎడమ చేతిని దాని మీద పెట్టి, ఒక్కసారి తిప్పి వినిపించి పక్కన కూర్చున్నాను. మొదటి చరణం అయింది. వేలు చక్రాన్ని రవ్వంత కదిపింది. రెండో చరణం. మళ్లీ రవ్వంత. మూడో చరణం చివరిదాకా వాయించింది. లేచి ముఖం కడుక్కుని, చీర సర్దుకుని, కీబోర్డు చంకన పెట్టుకుని గడప దాటింది. నేను లాప్‌టాప్, బ్యాటరీ స్పీకరు, గొడుగు పట్టుకుని వెనక పరుగెత్తాను.

లక్ష్మీదేవమ్మ పెద్దమ్మ చేనిలో ఆడవాళ్లు అప్పుడే సాళ్లు పట్టుకుంటున్నారు. రెండు రోజుల కిందటి వానకు నేల మెత్తగా ఉంది, దుమ్ము లేదు. అమ్మను చూసి అందరూ నిలబడిపోయారు. ఆమె అవతలి గట్టు మీద గొడుగు కింద కూర్చుంది. లాప్‌టాప్ తెరిచి పెట్టి నేనూ ఒక సాలు పట్టుకున్నాను.

అమ్మ ఎత్తుకుంది. ముందు పెద్దమ్మ అందుకుంది, ఆమె వెనక అందరూ అందుకున్నారు. పాట కదిలింది, సాళ్లూ కదిలాయి. పాతికేళ్లుగా వంగని నడుము నాది. సగం సాలు కాకముందే వెనకబడ్డాను. అందరూ గట్టు చేరి నిలబడ్డారు, నేనొక్కదాన్నే చేను మధ్యలో మిగిలాను. అమ్మ నన్నే చూస్తోంది. పాట ఇంకొంచెం లేచింది. చక్రం తిరిగినంతా తిరిగిపోయి ఆగిపోయిందని విన్నప్పుడే తెలిసింది. ఇక ఎత్తడానికి లేదు. అమ్మ ఆ గాంధారం మీదే వేలు ఉంచి, తీయకుండా అదిమి పట్టుకుంది. పాకుతూ, గడ్డి పీకుతూ, ఏడుస్తూ నేను పోయి గట్టు తాకేదాకా పట్టుకునే ఉంది.

తాకాక దించింది. ఆమె మోకాళ్ల దగ్గర కూలబడి, "తప్పు నీది కాదమ్మా, నాది. ఆ పొద్దు అట్ల అనుండకూడదు" అన్నాను. అమ్మ కొంగుతో నా ముఖానికి అంటిన మట్టి తుడిచింది. గడ్డం పట్టి నా తలను చేను వైపు తిప్పి, ఇంకా కలుపు తీయని పక్క సాలు చూపించింది.