ఎమ్మెట్ స్లోన్ లేని పుస్తకం

ప్రభుత్వం వారి ఉత్తరంలో ఉన్నవి రెండే పేరాలు. మొదటిదాంట్లో, మీరు అడిగిన సైనికుడి కాగితాలు డెబ్బై మూడులో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయి ఉండవచ్చునని రాశారు. రెండోదాంట్లో, మీ నాన్నగారు దేశానికి చేసిన సేవకు కృతజ్ఞులమని రాశారు. కాగితమే లేనప్పుడు సేవ చేశాడని వీళ్ళకెలా తెలిసిందో, తెలిస్తే ఆ ముక్కే ముద్రేసి ఇవ్వడానికి ఏం రోగమో వెర్లిన్ స్లోన్‌కి బోధపడలేదు. ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో కుక్కుకుని, ట్రక్కెక్కి కోర్టుకు బయల్దేరాడు.

బుధవారం పొద్దున్న అది. శుక్రవారం మధ్యాహ్నంతో గడువు అయిపోతుంది. కోర్టు ముందు పచ్చికలో కొత్త రాయి నిలబెడుతున్నారు. కొరియా యుద్ధానికి ఈ కౌంటీ నుంచి వెళ్ళిన ప్రతివాడి పేరూ దాని మీద చెక్కుతారు. కాకపోతే కాగితం ఉండాలి. రాయి పెట్టిస్తున్న సంఘానికి పెద్ద హోబర్ట్ క్రిస్ప్ ఆ మాట పెట్రోలు బంకులో పదిమంది ముందు చెప్పాడు.

"మీ నాన్న మంగలి కుర్చీలో కూచుని చాలా యుద్ధాలు గెలిచాడులే వెర్లిన్. కాదనను. కాగితం పట్రా, నేనే దగ్గరుండి చెక్కిస్తా."

పదిమందీ నవ్వారు. అందులో ఇద్దరు వెర్లిన్‌తో పాటు ఇరవై ఏళ్ళు మిల్లులో దుంగలు మోసినవాళ్ళు.

నాన్న ఎమ్మెట్ స్లోన్ కొండ కింద గని పైకప్పు కూలి చచ్చిపోయేనాటికి వెర్లిన్‌కి పదిహేనేళ్ళు. తొమ్మిదో తరగతి పుస్తకాలు డెస్కులోనే వదిలేసి రంపపు మిల్లుకు పోయాడు. చెయ్యి పట్టుకుని మిల్లుకు తీసుకెళ్ళిన మనిషి పెదనాన్న ఆర్విల్. ఆ చేతిని వెర్లిన్ ఈనాటికీ క్షమించలేదు. పెదనాన్న పోయి పదిహేడేళ్ళవుతున్నా, లోయ పైన ఒంటరిగా ఉంటున్న జెల్మా పెద్దమ్మ గడప తొక్కిందీ లేదు. తర్వాత మిల్లు మూసేశారు, ఇల్లు చేజారింది, పెళ్ళాం వెళ్ళిపోయింది. వీటిలో ఏదీ ఎవరూ రాయి మీద చెక్కరు. నాన్న పేరు ఒక్కటి చెక్కితే చాలునని అతని పట్టుదల.

కోర్టు గుమాస్తా నడీన్ తొమ్మిదో తరగతిలో అతని ముందు బెంచీ. అప్పట్లో ఆమెకు రెండు జడలుండేవి.

"మళ్ళీ వచ్చావూ? ఈసారన్నా బూట్లు తుడుచుకున్నావా లేదా?"

"తుడుచుకున్నాలే. పుస్తకం తియ్యి."

"మూడోసారి తీస్తున్నా. తీసినంత మాత్రాన కొత్త పేర్లు మొలుస్తాయా బాబూ?"

ఆ పుస్తకం గోధుమరంగు అట్టతో, పిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తితే తప్ప కదలనంత బరువు. సైన్యం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్ళు బస్సు దిగి, ఇంటికి పోకముందే కోర్టు మెట్లెక్కి, తమ విడుదల కాగితాన్ని ఇందులోకి నకలు రాయించేవాళ్ళు. ఇల్లు తగలబడినా, వరదొచ్చినా కౌంటీ దగ్గర ఒకటి భద్రంగా ఉంటుందని పెద్దవాళ్ళు చెప్పి పంపేవారు. ఎక్కడో పట్నంలో అసలు కాగితాలు బుగ్గయ్యాక, ఈ టైపు అక్షరాలే చాలామందికి దిక్కయ్యాయి.

నడీన్ కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని వేలితో వరస దిగింది. "స్లోన్... స్లోన్... ఎమ్మెట్ లేడు. నిన్న లేడు, ఇవాళా లేడు. ఉన్నది ఆర్విల్ ఒక్కడే."

"ఏ ఆర్విల్?"

"మీ పెదనాన్నేగా? ఈ కౌంటీలో ఇంకెంతమంది ఆర్విల్ స్లోన్లున్నారు? నువ్వు అడిగింది ఎమ్మెట్ అని నేను ఎమ్మెట్ కోసమే చూస్తున్నా ఇన్నాళ్ళూ."

వెర్లిన్ పకపకా నవ్వాడు. ఆ నవ్వులో సంతోషమేమీ లేదు. "ఆర్విల్ సైన్యానికి పోవడమేంటే? పదహారో ఏటే రంపం ఆయన కుడిచేతి రెండు వేళ్ళు తినేసింది. తుపాకీ ఎట్టా పేలుస్తాడు, ముక్కుతోనా?"

"నన్నెందుకు అడుగుతావు? ఇక్కడ రాసుంది. నలభై తొమ్మిదిలో చేరాడు, యాభై రెండులో విడుదల. పుట్టినరోజు కూడా ఉంది." ఆమె పుస్తకాన్ని అతనివైపు తిప్పింది. "చలికాలంలో హోబర్ట్ వచ్చి ఈ పుస్తకంలో పేర్లన్నీ తన జాబితాలోకి ఎక్కించుకుపోయాడు. ఆర్విల్ పేరు రాయి మీదికి పోతోంది కూడాను."

వెర్లిన్‌కి నెత్తురు పోటెత్తింది. నాన్న పేరుకి కాగితం లేదు గానీ ఇల్లు కదలనివాడికి రాయి! నోటికొచ్చిన మాట అనబోతూ, కళ్ళు కిందికి దించాడు.

ఎత్తు, అయిదడుగుల ఆరంగుళాలు. బరువు, నూట ముప్ఫై ఒక్క పౌన్లు. కళ్ళు, బూడిద రంగు. గాయాలు, రెండు పాదాలూ మంచుకు గడ్డకట్టినవి, కొరియా, యాభై డిసెంబరు.

ఆర్విల్ పెదనాన్న ఆరడుగుల రెండంగుళాల మనిషి. చర్చి గుమ్మం దాటేటప్పుడు తల వంచడం మరిచిపోయి దెబ్బ తినని ఆదివారం లేదు.

వెర్లిన్ ఆ వరసల్ని మళ్ళీ చదివాడు. చదువుతుంటే బల్ల మీద పుస్తకం పోయి, వంటింట్లో బొగ్గు పొయ్యి కనబడింది. జనవరి సాయంత్రాలు నాన్న గనినుంచి వచ్చి, మేజోళ్ళు ఊడదీసి, పాదాలు రెండూ పొయ్యి తలుపుకి చేర్చి కూచునేవాడు. కాలివేళ్ళు మూడు నల్లగా, నున్నగా, గోళ్ళు లేకుండా ఉండేవి. వాటిని తనచేత రుద్దించుకునేవాడు. "గట్టిగా రుద్దరా, అవి నావి కావు, కొరియావి," అనేవాడు. రుద్దినందుకు కూలి, అన్నం డబ్బాలో అడుగున మిగిల్చి తెచ్చిన సగం బిస్కట్టు రొట్టె. రోజంతా భూమిలోపల తిరిగొచ్చిన ఆ రొట్టెముక్కకు దీపం వాసనా, బొగ్గు వాసనా పట్టేది. అంత రుచి మళ్ళీ వెర్లిన్ నోటికి తగల్లేదు. గనిలో ఆకలేసినా నాన్న దాన్ని ముట్టుకునేవాడు కాదని తెలిసేసరికి నాన్న లేడు.

నూట ముప్ఫై ఒక్క పౌన్లు. కాగితంలో ఉన్నది ఇంకా గడ్డం సరిగ్గా రాని కుర్రాడు.

"ఏమయ్యా, ఊపిరి తీసుకుంటున్నావా?" అంది నడీన్.

"ఇది మా నాన్న."

ఆమె అతని మొహం చూసి, హాస్యం కట్టిపెట్టి, పుస్తకంలోకి మళ్ళీ చూసింది. తర్వాత నెమ్మదిగా తలూపింది. "చేరేనాటికి మీ నాన్నకెంత?"

"ముప్ఫై మూడు నవంబరు పుట్టుక. పదిహేను నిండి పదహారు నడుస్తుండాలి."

"అదీ సంగతి. మా మేనమామ ఒకడు ఇట్టాగే పోయాడు. మంత్రసాని రాసిచ్చిన పుట్టుక కాగితం ఎవరి జేబులో ఉంటే వాడే ఆ మనిషి. ఫొటో ఏముంది, వేలిముద్రేముంది. అన్న కాగితం పట్టుకుని తమ్ముళ్ళు పోయేవాళ్ళు." ఆమె గొంతు తగ్గించింది. "కానీ వెర్లిన్, నీకు తెలిస్తే సరిపోదు. బతికున్నవాళ్ళెవరన్నా వచ్చి ప్రమాణం చేసి చెప్పాలి. హోబర్ట్ అది లేకుండా ఒప్పుకోడు. శుక్రవారం లోపల."

బతికున్నది ఒక్క మనిషి.

మర్నాడు పొద్దున్నే లోయ పైకి ట్రక్కు ఎక్కించాడు. దారి పొడుగునా పెద్దమ్మతో ఏమనాలో కూడబలుక్కున్నాడు. మా నాన్న కాళ్ళు మీ ఆయనవని రాయించుకుంటారా అని అడగాలి. నన్ను చదువు మాన్పించి, మా నాన్న పరువు కూడా మీరే ఉంచుకున్నారా అని అడగాలి. ఆమె ఏడిస్తే ఏడవనీ. తన ఏడుపు ఎవరు చూశారు గనక?

జెల్మా పెద్దమ్మ వసారాలో కూచుని చిక్కుళ్ళకు ఈనెలు తీస్తోంది. ఎనభై రెండేళ్ళు. మనిషి పిట్టంతయింది. ట్రక్కు దిగినవాణ్ణి ఎగాదిగా చూసింది.

"దారి తప్పావా, లేకపోతే ఎవరన్నా చచ్చారా?"

"ఎవరూ చావలేదు పెద్దమ్మా."

"అయితే కూచో. ఆ గిన్నె అందుకో. చేతులున్నాయిగా, ఊరికే వేలాడేసుకుంటావేం?"

అతను కూచుని చిక్కుళ్ళు తీశాడు. తెచ్చుకున్న మాటలన్నీ గొంతులో ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. చివరికి వచ్చింది ఒకటే. "కోర్టులో పుస్తకం చూశాను."

ఆమె చేతులు ఆగాయి. లేచి లోపలికి వెళ్ళి, గడియారం వెనకనుంచి ఒక కవరు తెచ్చి అతని ఒళ్ళో వేసింది. హోబర్ట్ సంఘం పంపిన ఆహ్వానం. స్వర్గీయ ఆర్విల్ స్లోన్ భార్యగారికి ముందు వరసలో కుర్చీ వేస్తామని ఉంది.

"నెల్లాళ్ళుగా ఆ గడియారం కేసి చూడ్డం మానేశాను," అంది. "టైమెంతయిందో కూడా తెలవడం లేదు."

"ముందే చెప్పి ఉండొచ్చుగా?"

"ఎవరికి చెప్పనూ? నువ్వొచ్చావా? మీ నాన్న జైల్లో వేస్తారని చచ్చేదాకా భయపడ్డాడు. తప్పుడు పేరుతో చేరినందుకు. ఆ కాళ్ళకు రావలసిన పింఛను ఒక్కనాడు అడగలేదు. మీ అమ్మకీ నాకూ బైబిలు మీద చెయ్యి వేయించాడు. ఆయన పోయాడు, మీ అమ్మ పోయింది, మీ పెదనాన్న పోయాడు. భయం ఒక్కటి మిగిలింది, నాకు."

"పెదనాన్నకు మాత్రం బాగానే ఉంది. ఇంట్లో కూచుని సైనికుడయ్యాడు."

మాట అనేశాక, ఇన్నాళ్ళ కసి తీరినట్టు అనిపిస్తుందనుకున్నాడు. అనిపించలేదు. పెద్దమ్మ అతని వంక కోపంగా చూడలేదు కూడా.

"బాగానే ఉందా? విను. వేళ్ళు పోయాయని సైన్యం తనను తీసుకోదని ఆయనకు తెలుసు. తమ్ముడు గనిలో దిగుతానంటే, అక్కడికన్నా సైన్యమే నయమని తన కాగితం చేతిలో పెట్టాడు. తర్వాతే తెలిసింది, ఏం ఇచ్చేశాడో. మూడేళ్ళు ఆయనకు పేరు లేదురా. ఆర్విల్ స్లోన్ కొరియాలో ఉంటే ఈ ఆర్విల్ ఎవడు? మిల్లులో పేరు రాయించుకోలేడు. ఓటు వెయ్యలేడు. నన్ను పెళ్ళాడదామంటే కోర్టులో సంతకం పెట్టలేడు. ఎవరన్నా అడిగితే 'నేను ఎమ్మెట్‌ని' అని చెప్పేవాడు, ఆరడుగుల మనిషి. మా నాన్న నాకు ఇంకో సంబంధం తెచ్చాడు, సంతబజారు కొట్టువాడు. నేను వద్దన్నా. ఎందుకు వద్దో చెప్పలేకపోయా. మూడేళ్ళు ఎదురుచూశాం, మీ నాన్న తిరిగొచ్చి ఆ పేరు ఇస్తాడని."

ఆమె ఒక చిక్కుడుకాయ విరిచింది. మొహంలోకి ఏదో వెలుగు వచ్చింది.

"వచ్చిననాడు చూడాలి. కుంటుకుంటూ ఈ మెట్లెక్కి, మీ పెదనాన్న చేతిలో ఆ పాత కాగితం పెట్టి, 'ఇదుగో అన్నా నీ పేరు, కాస్త చలి తగిలింది, అంతే' అన్నాడు. ముగ్గురం పడీ పడీ నవ్వాం. ఆ నవ్వు ఇప్పటికీ వినబడుతుంది నాకు, కొండకు తగిలి వచ్చినట్టు. ఆ వారంలోనే పెళ్ళి చేసుకున్నాం. అయితే మీ నాన్న తెలివితక్కువ పని ఒకటి చేశాడు. ఇంటికొచ్చేముందే, అందరూ రాయిస్తున్నారని, విడుదల కాగితం కోర్టులో రాయించేశాడు. రాయించాక చెరపడానికి కుదరదు. మీ పెదనాన్న బతికున్నన్నాళ్ళూ ఆ కోర్టు ముందునుంచి నడవకుండా చుట్టూ తిరిగి పోయేవాడు."

వెర్లిన్ మరో చిక్కుడుకాయ ఈనె తీసి గిన్నెలో వేశాడు. నాన్న నవ్వు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుందామని చూశాడు. పాదాలు గుర్తున్నాయి, బిస్కట్టు గుర్తుంది, నవ్వు దొరకలేదు. ఈమె దగ్గర అది ఇన్నాళ్ళూ ఉంది. అయిదు మైళ్ళ దూరంలో. తను రాలేదు.

"రేపు కోర్టుకు వస్తావా పెద్దమ్మా? నువ్వు చెబితే ఆ కుర్చీ పోతుంది మరి."

"కుర్చీదేముంది, ఇంట్లో ఆరున్నాయి. నా మొగుడు మూడేళ్ళు పేరు కోసం కూచున్నాడు. ఇప్పుడు దాన్ని తీసుకెళ్ళి ఆయన చెయ్యని పనికి రాయిలో చెక్కుతారా? పద, ముందు తిను. మొక్కజొన్న రొట్టె ఉంది, మజ్జిగ ఉంది. ఎండుకట్టెలా ఉన్నావు."

శుక్రవారం పదింటికి ఆమె చర్చి టోపీ పెట్టుకుని, వెర్లిన్ మోచెయ్యి పట్టుకుని కోర్టు మెట్లెక్కింది. నడీన్ ప్రమాణం చేయించి, చెప్పింది చెప్పినట్టు టైపు కొట్టి, పైకి చదివింది. పక్కన హోబర్ట్ క్రిస్ప్ చేతులు కట్టుకుని విన్నాడు.

"ఒకటి తప్పింది," అంది పెద్దమ్మ. "ఆర్విల్ మూడేళ్ళు పేరు లేకుండా ఉన్నాడని రాయి."

"అది ఈ ఫారానికి అక్కర్లేదు జెల్మా అమ్మగారూ. చోటు కూడా లేదు."

"వెనకవైపు తెల్లగా ఉందిగా. తిప్పి రాయి."

నడీన్ తిప్పి రాసింది. పెద్దమ్మ నెమ్మదిగా, ఒక్కో అక్షరం బరువు చూసి పెడుతున్నట్టు సంతకం పెట్టింది.

హోబర్ట్ కాగితాన్ని రెండుసార్లు చదివి, పుస్తకంలో ఎత్తూ, కళ్ళ రంగూ, పాదాల మాటా సరిచూసుకున్నాడు. తర్వాత కోటు జేబులోంచి తన జాబితా తీసి, ఆర్విల్ పేరు మీద గీత కొట్టి, పక్కన ఎమ్మెట్ అని రాశాడు. కలం మూత పెట్టి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మంగలి దుకాణంలో మీ నాన్న చెబుతుంటే నేనూ విన్నాను వెర్లిన్," అన్నాడు. "డబ్బాల్లో తిండి గడ్డకడితే చంకలో పెట్టుకుని కరిగించేవాళ్ళమని. అప్పుడు నాకు పదేళ్ళు. మేమంతా నవ్వాం. అది అబద్ధమైతే బాగుండునని ఇప్పుడనిపిస్తోంది."

హోబర్ట్‌కి చెప్పాలని వెర్లిన్ దాచుకున్న మాటలు చాలా ఉన్నాయి. పెట్రోలు బంకు నాటివి, అంతకు ముందువి, తొమ్మిదో తరగతి నాటివి. అన్నీ నాలుక చివరే ఉన్నాయి. ఎదురుగా చూస్తే అరవై ఎనిమిదేళ్ళ ముసలాడు టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇంకేం చెప్పేవాడు?" అని అడిగాడు వెర్లిన్. "కూచో. నీకు గుర్తున్నది చెప్పు."