సగంలో లేచి వచ్చిన సినిమా

సుధీర్‌కు జపాను సినిమాల పిచ్చి. అన్నీ కాదు, ఒక రకానివే. కొండంత మృగం ఒకటి ఊరిమీద పడుతుంది, కొండంత వీరుడొకడు దానితో కలబడతాడు. చిన్నప్పుడు టీవీలో చూసి పట్టిన ఆ పిచ్చి, ఫైర్‌మన్ ఉద్యోగం వచ్చి పెళ్లయ్యాక కూడా వదల్లేదు. అలాంటి సినిమా ఒకటి తెలుగు మాటలతో ప్రొద్దుటూరుకు వచ్చిందని తెలియగానే, సెలవు రోజు చూసుకుని భార్యను వెంటబెట్టుకుని మ్యాట్నీకి బయల్దేరాడు.

భార్య సుమది సింహాద్రిపురం పక్కన పల్లె. చీనీ బత్తాయి తోటల్లో పెరిగి పులివెందులలో డిగ్రీ చదివింది. సంబంధం వచ్చినప్పుడు వాళ్ల నాన్న నారాయణ, "గవర్నమెంటు ఉద్యోగం, స్టేషన్లో కూచునే పని" అన్నాడు. ఆమె కూడా అదే నమ్మింది. అప్పుడప్పుడు మొగుడి చొక్కాకు పొగ వాసన తగిలేది. అడిగితే, "యాడో గడ్డివామి అంటుకునింది లే" అనేవాడు. అంతకుమించి చెప్పేవాడు కాదు.

హాల్లో సగం కుర్చీలు ఖాళీ. సినిమా మొదలైన కాసేపటికే సుమ కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. సముద్రపు ఒడ్డున చిన్న ఊరు. సముద్రంలోంచి ముందు ఒక వీపు లేచింది, నల్లటి రాతిగుట్టలాగా. తర్వాత తల. అది అరిస్తే ఆమె కాళ్లకింద నేల అదిరింది. అది అడుగు వేసిన చోటల్లా మేడలు పిండిలా రాలిపోతుంటే, వెనక వరసలోని పిలకాయలు ఈలలు వేశారు.

"ఆ ఇండ్లల్లో మనుషులుండారు గదా బావా?" అంది సుమ.

"అందరూ పారిపోయింటారులే. ఇప్పుడు చూడు, మనోడొస్తాడు."

మనోడంటే ఆ ఊళ్లో కరెంటు మీటర్లు చూసుకునే ఒక బక్కపల్చటి మనిషి. భార్యతో అన్నం తింటున్నవాడు మధ్యలో లేచి, "ఇప్పుడే వస్తా" అని సందులోకి పరుగెత్తాడు. మరుక్షణం మేడల మీదుగా తెల్లటి తల ఒకటి లేచింది. భుజాలు లేచాయి. ఆకాశం సగం నిండిపోయింది. సుమ నోరు తెరుచుకుని చూసింది. ఆ బక్కవాడే ఇంత పెద్ద మనిషవుతాడని ఆమె కలలో కూడా ఊహించలేదు. కానీ ఆ రూపంలో వాడికి ఈ భూమి గాలి పడదు. ఊపిరి తీసుకున్నప్పుడల్లా నోట్లోంచి ఆవిరి పొగలు పొగలుగా వస్తోంది, మోకాళ్లు వంగిపోతున్నాయి. మృగం వాడిని ఎత్తి కొండకేసి కొట్టింది. సుమ కళ్లు మూసుకుంది. తెరిచేసరికి తెరమీద వాడి భార్య. వాడి గిన్నెమీద మూత పెట్టి కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"ఆ యమ్మికి చెప్పడా?"

"చెప్తే పోనిస్తాదా?" అని నవ్వాడు సుధీర్.

అప్పుడే అతని ఫోన్ వణికింది. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు, ఒక్క మాటే అన్నాడు, "వచ్చాండా సార్." లేచి నిలబడ్డాడు.

"ఏంది?"

"స్టేషన్లో చిన్న పని. నువ్వు చూస్తాండు. అయిపోతానే ఆటో ఎక్కి ఇంటికి పో."

అతను వెళ్లిపోయాడు. సుమ తెరవైపు తిరిగింది గాని, అక్కడ ఏం జరుగుతోందో తలకెక్కలేదు. సెలవు రోజున పిలిచారంటే చిన్న పనెలా అవుతుంది? ఫోన్ చేసింది. తీయలేదు. మళ్లీ చేసింది. ఇంతలో వెనక వరసలోంచి ఎవరో అన్నారు, "రేయ్, జమ్మలమడుగు రోడ్లో దూది మిల్లు అంటుకునిందంట. శానా పెద్దదంట."

తెరమీద వీరుడు ఒంటిమోకాలి మీద ఉన్నాడు. సుమ లేచి బయటికి వచ్చేసింది.

దూది మిల్లుకు పోవాలంటే, హాలు ముందున్న ఆటో అతను హఫీజ్ ఆమెను ఎగాదిగా చూసి, "ఆడికి పోనీరమ్మా, పోలీసులుండారు" అన్నాడు.

"పోయినంత దూరం పోనీ అన్నా. మా ఇంటాయన ఆడుండాడు."

అతను ఆటో తిప్పాడు. ఊరి చివరికి వచ్చేసరికే పొగ కనిపించింది. నల్లగా, నిలువుగా లేచి, ఎండను మింగేసింది. మిల్లు గేటుకు కొంచెం ఇవతల జనం. ప్రొద్దుటూరు బండి పక్కన జమ్మలమడుగు ఫైరింజను కూడా నిలబడి ఉంది. షెడ్డు పైరేకులు పటపటా పేలుతున్నాయి. సుమ మునివేళ్లమీద లేచి వెతికింది. పైపు పట్టుకుని ముగ్గురు షెడ్డువైపు పోతున్నారు. ముందున్న వాడి నడక ఆమెకు తెలుసు. ఆ మంటల ముందు అతను ఎంత ఉన్నాడు! వేలెడంత. చూస్తుండగానే పొగ అతన్ని మింగింది.

"లోపల వాచ్‌మన్ ఉండాడంట. వాని కోసమే పోతాండారు" అన్నాడు పక్కనున్నతను.

సుమ ఒక అడుగు ముందుకు వేయబోయి ఆగింది. రెండో పక్కన ఉన్న ముసలాయన చెయ్యి ఆసరాగా పట్టుకుంది. ఖాకీ చొక్కా, మెడలో తువ్వాలు. మంటలవైపే గుడ్లప్పగించి చూస్తున్నాడు, చుట్టుపక్కల మాటలు చెవిన పడుతున్నట్టు లేవు.

"పెద్దాయనా, లోపల శానా మంది ఉండారా?"

"ఎవురూ లేరు తల్లీ. ఈ పొద్దు మిల్లులో ఉన్నింది నేనొక్కన్నే. టీకి పోయింటి. వచ్చేసరికి ఇట్లయింది."

సుమ అతని ఖాకీ చొక్కాను మళ్లీ చూసింది.

"వాచ్‌మన్ నువ్వేనా?"

"నేనే."

సుమ అతని చెయ్యి వదల్లేదు. లాక్కుంటూ జనాన్ని తోసుకుని పరుగెత్తింది. గేటు దగ్గర కానిస్టేబులు అడ్డంగా చెయ్యి పెట్టాడు. "యాడికి పోతాండావమ్మా? వెనక్కి పో!"

"ఈయనే సార్ వాచ్‌మన్! లోపల ఎవురూ లేరు! వాళ్లను బయటికి రమ్మనండి!" అని అరిచింది.

బండి దగ్గరున్న ఆఫీసరు ముసలాయన ముఖం చూశాడు, ఒకే ప్రశ్న వేశాడు, వెంటనే విజిల్ ఊదాడు. ఎవరూ రాలేదు. మళ్లీ ఊదాడు. పొగలోంచి ఒకడు వంగి దగ్గుతూ వచ్చాడు. సుధీర్ కాదు. ఇంకొకడు వచ్చాడు. అతనూ కాదు. సుమ ముసలాయన చేతిని నలిపేస్తోంది. ఆ తర్వాత, పైపును వెనక్కి లాక్కుంటూ, సుధీర్ వచ్చాడు.

వాళ్లు నీళ్లు తాగుతుండగా షెడ్డు నడిమి దూలం విరిగి లోపలికి కూలింది. జనం ఒక్కసారిగా వెనక్కి తగ్గారు.

సుధీర్ అప్పుడు చూశాడు ఆమెను. ముఖమంతా మసి, కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నిన్నెవురు రమ్మనిరి ఈడికి?" అని అరిచాడు. ఆఫీసరు అతని భుజం తట్టి, ముసలాయన్ని చూపించి ఏదో చెప్పాడు. సుధీర్ ముసలాయన్ని చూశాడు, కూలిన కప్పును చూశాడు. మళ్లీ పైపు ఎత్తుకున్నాడు.

అతను ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ దాటింది. స్నానం చేసి వచ్చినా దగ్గు ఆగలేదు. సుమ వేడినీళ్ల గ్లాసు ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"లోపల ఎట్లుండె?"

"ఏముంటాది? పొగ."

"నాకు చెప్పు బావా. ఎంత దూరం పోయినావు? ఏం కనపడె? అంతా చెప్పు."

"చెప్తే నీకు నిద్ర పడుతుందా?"

"చెప్పకపోతే మాత్రం పడుతుందా?"

సుధీర్ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత మెల్లగా మొదలుపెట్టాడు. నేలమీద పాకుతూ పోయామని, పక్కవాడి కాలు తగలక భయపడ్డానని, విజిల్ మొదటిసారి వినపడనే లేదని. సుమకు గుండె దడ తగ్గలేదు, ఇంకా పెరిగింది. అయినా మధ్యలో ఆపమనలేదు. కుర్చీ అతని దగ్గరికి జరుపుకుని, చివరిదాకా విన్నది.