వంకాయ రంగు జెర్సీలు

మా అక్క ఇరవై రెండేళ్లు ఫుట్‌బాల్ క్లబ్బు జెర్సీలు ఉతికింది. జీతం లేదు, అడగనూ లేదు. రజతోత్సవానికి క్లబ్బు గోడమీద స్వచ్ఛంద సేవకుల పేర్లు చెక్కించినప్పుడు మాత్రం తన పేరు కోసం రెండుసార్లు వెతుక్కుంది.

సెక్రటరీ నవ్వాడు. "ఉతకడం కూడా సేవేనా అక్కయ్యా? అది ఇంట్లోనూ చేస్తారుగా!"

అక్క ఉత్సవం ఆటకు సిద్ధం చేయాల్సిన పదిహేను తెల్ల జెర్సీలనూ ఇంటికి తెచ్చి నా ముందు పడేసింది.

"ఒరేయ్, చచ్చినా వదలని రంగు ఒకటి చెప్పు."

కోపం వాదన కాజాలదని ముప్పై నాలుగేళ్లు రసాయనశాస్త్రం తరగతిలో చెప్పినవాణ్ణి. అయినా చెప్పాను. నూలుబట్టలోకి రంగును తోసేది ఉప్పు. పట్టిన రంగును కట్టిపడేసేది బట్టల సోడా. పాళ్లు కాగితం మీద రాసిచ్చాను.

ఆటకు పావుగంట ముందు మూట విప్పితే పదిహేనూ నిగనిగలాడే వంకాయ రంగు. మార్చుకోవడానికి వేరే జత లేదు. మావాళ్లు మైదానంలోకి దిగగానే అవతలి జట్టు కేకలేసింది. "కూరగాయల బండి వచ్చిందిరోయ్!"

సెక్రటరీ ముఖం మాడిపోయింది. అక్క కళ్లు చల్లబడ్డాయి.

ఆ చలువ తొంభై నిమిషాలే నిలిచింది. మావాళ్లు మూడు గోల్స్‌తో గెలిచారు. అవతలివాళ్లు నవ్వుల్లో పడి ఆట మరిచారని నా ఊహ; ఒక్క ఆటతో ఏదీ రుజువు కాదు. జనం మాత్రం రంగు మహిమ అన్నారు. వెంటనే సెక్రటరీ మైకు అందుకున్నాడు.

"రంగు మార్చాలన్నది నా ఆలోచనే! ఈ చేతులతో నేనే వేశాను!"

అక్క నా మణికట్టు నొక్కింది. "నా చాకిరీ దోచుకున్నాడు, సరే. నా కక్ష కూడానారా?"

లేచి నిలబడింది. "సెక్రటరీగారూ, చిరిగిందని పక్కనపెట్టిన తెల్ల జెర్సీ ఒకటి ఉంది. మిగిలిన రంగు నా సంచిలో ఉంది. వేయండి, అందరం చూస్తాం."

"ఇంకేమైనా కావాలా?" అని వినయంగా అడిగాను.

"రంగూ నీళ్లూ. ఇంకేం కావాలండీ మాస్టారూ?"

కుళాయి చుట్టూ అందరూ మూగారు. ముంచాడు, పిసికాడు, జాడించాడు. రంగంతా కాలవలోకి పోయి, జెర్సీ పాలిపోయిన మచ్చలతో మిగిలింది. బట్టకు పట్టని రంగు ఆయన మోచేతుల దాకా పట్టింది. తొడుగులు లేకుండా చెయ్యి పెట్టవద్దని నేను హెచ్చరించలేదు.

"మరి ఎవరు వేశారు?" అన్నాడు కెప్టెన్.

"నేను," అంది అక్క. "ప్రేమతో కాదు, పగతో."

కెప్టెన్ తన వంకాయ రంగు జెర్సీ వైపు చూసుకున్నాడు. "అయితే మాకు ఆ పగే కావాలి పెద్దమ్మా. ఇకమీదట మీరు వేస్తేనే తొడుక్కుంటాం."

పదకొండేళ్లుగా క్లబ్బు రంగు అదే. ఏటా కొత్త జెర్సీల మూటను సెక్రటరీయే మోసుకురావాలని అక్క షరతు. రంగు పట్టి ఆరేదాకా ఆయన మా పెరట్లో నిలబడతాడు. ఏ అద్దకం దుకాణంలో అడిగినా ఆ పాళ్లు చెబుతారు. కానీ అక్క చెయ్యి పడితేనే గెలుపని ఆటగాళ్ల నమ్మకం. ఇలాంటి నమ్మకాలు తప్పని నిరూపించడంలోనే నా జీవితం గడిచింది. దీన్ని మాత్రం ముట్టుకోలేదు.

పెరట్లో కుర్చీలు రెండే ఉన్నాయి. ఒకదాంట్లో అక్క కూర్చుంటుంది, రెండోదాంట్లో నేను.