వెంట్రుకంత వెడల్పు

అర్చిత చేసిన తప్పు చిన్నదే, వెంట్రుకంత. కొంప ముంచడానికి అది చాలు. కార్లకు పెట్టే రాడార్‌లో యాంటెనాకు సిగ్నల్ మోసుకెళ్ళే రాగి గీతను గీసింది ఆమే. వెడల్పు లెక్క కట్టేటప్పుడు కింది పలక మందం పాత బోర్డుదే వేసేసింది. కొత్త పలక పలచన, దాంతో గీత వెడల్పెక్కువైంది. పొద్దున ఒక్కతే కొలిచి చూసుకుంటే, ఎనభై గిగాహెర్ట్జ్ దాటేసరికి సిగ్నల్ యాంటెనాలోకి పోకుండా వెనక్కి తిరిగొస్తోంది.

మూడింటికి పై అధికారి రఘునాథన్ సార్ ముందు ఆ బోర్డుకు పరీక్ష. ఉన్నది అదొక్కటే. ఆమె గీసిన డిజైన్ ఒకటి ఇప్పటికే తిరగ్గొట్టారు, ఇదీ పోతే ఇక ఇంటికే. తప్పు ఒప్పుకోవడానికి నోరు రాలేదు. భోజనానికని చెప్పి, కదిర్కామంలోని ఆఫీసు నుంచి స్కూటర్ మీద ముత్తియాల్‌పేటకు ఉరికింది. అక్కడ ఆమె మేనమామ సీతాపతికి బంగారు పని అంగడి ఉంది.

"రెండు పక్కలా వెంట్రుకంత చెక్కాల మామా. చెయ్యి జారిందంటే నా పని అయిపోయినట్టే."

"కమ్మలకు పువ్వులు చెక్కేవాణ్ణి, ఈ రాగిరేకు ఏపాటిది పాపా?" సీతాపతి కంటికి భూతద్దం తగిలించుకుని సన్న ఉలి తీశాడు.

అంతలో సార్ ఫోన్. అర్చిత వాకిట్లోకి వెళ్ళి రెండు అబద్ధాలాడి వచ్చేసరికి పని అయిపోయింది. ఆమె బోర్డును వెలుగులోకి పట్టి చూసింది. గీత వెడల్పును యాంటెనాకు కొద్దికొద్దిగా సర్దడానికి చివర్లో కావాలనే పెట్టిన మూడు మెట్లూ మాయం.

"మెట్లు యాడ మామా?"

"అచ్చు సరిగ్గా పడలేదేమో అనుకుంటి. గరుకు అంచు మన అంగడి గడప దాటకూడదు. నున్నగా వాలు తీసేస్తి."

చూడ్డానికి ముచ్చటగానే ఉంది. ఆమెకు ఏడుపొక్కటే తక్కువ. "ఎంత తీసినావు?"

"దానికి లెక్క యాడిది? చేతికి తెలుస్తాది."

మూడింటికి సార్ ముందు బోర్డును కొలిచే యంత్రానికి తగిలించింది. వెనక్కి తిరిగొచ్చే సిగ్నల్ ఎంతో చూపే గీటు తెర మీద కిందికి దిగింది. ఎనభై ఒక్క గిగాహెర్ట్జ్ దాకా దిగే ఉంది. ఆమె మెట్లకన్నా మామ తీసిన వాలే బాగా కుదిరింది. సంతోషించాల్సింది పోయి అర్చిత భయపడింది. ఆ వాలు ఏ లెక్కలోనూ లేదు.

రఘునాథన్ నవ్వాడు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు ఆఫీసులో తక్కువ.

"ఫస్ట్ క్లాస్ మా. నీ డ్రాయింగ్ ఇప్పుడే ఫ్యాక్టరీకి పంపిస్తా ఉండా. ఐదువందల బోర్డులు. వచ్చే నెల కార్లకు బిగిస్తారు."

ఆయన చెయ్యి మౌస్ మీదికి పోయింది. ఆ డ్రాయింగులో పాత మందం, తప్పు వెడల్పు, మూడు మెట్లు అట్లాగే ఉన్నాయి. ఎదురొచ్చే లారీని ఆ కార్లు ఆ బోర్డులతోనే చూడాలి. నోరు మూసుకుంటే ఉద్యోగం ఉంటుంది. ఆ ఆలోచన వచ్చినందుకే ఆమెకు సిగ్గేసింది.

"పంపద్దు సార్," అంది అర్చిత. "నేను గీసింది తప్పు. దీన్ని మా మామ చెక్కినాడు, ఎంత చెక్కినాడో ఆయనకే తెలీదు."

రఘునాథన్ చెయ్యి మౌస్ మీదే ఆగింది. నవ్వు మాత్రం పోయింది.