పాతదాని పక్కన కొత్త కంపైలర్

మార్కాపురంలో మా నాయన నడిపే పలకరాయి చెక్కే మిషన్‌ను సోమవారం పాత ఇనుము కింద అమ్మేస్తానని యజమాని నరసింహులు మామ శుక్రవారం పొద్దున చెప్పాడు. నాకు ఒళ్ళు మండింది. ఉన్న గొర్రెలు అమ్మేసి వచ్చి, పన్నెండేళ్ళుగా ఆ మిషన్ తప్ప మరో పని ఎరగని మనిషి మా నాయన మాల్యాద్రి. మిషన్ పోతే ఆయన పనీ పోయినట్టే.

నిజానికి మిషన్‌లో లోపమేమీ లేదు. దాన్ని నడిపే కంప్యూటర్‌లో ఉన్నది పాత లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్. కొత్త ఆర్డర్లకు పువ్వుల డిజైన్లు చేసే ప్రోగ్రామ్ అందులో తెరుచుకోనంటోంది. ఆ ప్రోగ్రామ్ ఆధారపడే లైబ్రరీ, అంటే ప్రోగ్రామ్‌లన్నీ ఉమ్మడిగా వాడుకునే ఫైలు, ఇక్కడ మరీ పాతదట. పోనీ లినక్స్ మొత్తం మారుద్దామంటే, కొత్తదానికి మిషన్ అంతుపట్టదు.

"నేను చేస్తా మామా," అన్నాను. ఒంగోలులో కంప్యూటర్ డిగ్రీ చదివి వచ్చాను, ఆ మాత్రం పొగరు నాకుంది.

"సోమవారం దాకా చూడు నాగవేణీ. ఆ తర్వాత నన్ను అనొద్దు."

పొగరు గంటలోనే దిగింది. నా ల్యాప్‌టాప్‌లో ఉన్న కొత్త లినక్స్ నుంచి లైబ్రరీని తెచ్చి పాతదాని మీద పెట్టాను. డిజైన్ ప్రోగ్రామ్ లేవలేదు సరికదా, మిషన్ నడిపే ప్రోగ్రామ్ కూడా పడుకుంది. పాతదాని కాపీ దాచుకున్నాను కాబట్టి బతికిపోయాను. దాన్ని మళ్ళీ దాని చోట పెట్టాక గానీ అసలు సంగతి తలకెక్కలేదు. కొత్త లినక్స్‌లో తయారైన సరుకు ఈ పాతదానిలో ఇమడదు. రాసిన కోడ్‌ను ప్రోగ్రామ్‌గా మార్చేది కంపైలర్, ఆ లైబ్రరీ దానితోపాటే వస్తుంది. కొత్త కంపైలర్‌ను ఈ కంప్యూటర్‌లోనే, దీని కొలతలకే తయారుచేసి, పాతదాన్ని ముట్టుకోకుండా వేరే ఫోల్డర్‌లో పెట్టాలి.

శనివారం పొద్దున మొదలుపెట్టాను. ఆ ముసలి కంప్యూటర్ గంటల తరబడి లైన్లు కక్కుతూనే ఉంది. సాయంత్రం టీ తాగి వచ్చేసరికి స్క్రీన్ నల్లగా ఉంది. ఎప్పుడో రాతిదుమ్ము పేరుకుని వైర్లు కాలినప్పటి నుంచి, ఫ్యాక్టరీలో ఆరు కాగానే మెయిన్ దించేయడం రివాజు. దించింది మా నాయనే.

"ఏంది నాయనా ఇట్ల చేసినావు? పొద్దుటి నుంచి చేసిందంతా పాయె."

ఆయన చెయ్యి ఇంకా స్విచ్ మీదే ఉంది. "పన్నెండేళ్ళ అలవాటు పాపా. చెయ్యి దానంతటదే పోయింది. నా కూడు నేనే చెడగొట్టుకుంటినా?"

ఆ ముఖం చూడలేకపోయాను. ఏడుపు ఆపుకుని, మెయిన్ ఎత్తి, మళ్ళీ అదే కమాండ్ కొట్టాను. అప్పటిదాకా తయారైన ముక్కలన్నీ డిస్కులో భద్రంగా ఉన్నాయి. పని ఆగిన చోటి నుంచే అందుకుంది.

"ఏమీ పోలేదు నాయనా. ఆగిన కాడి నుంచే నడుస్తా ఉంది."

రాత్రిపూట మెయిన్ ఎత్తి ఉంచకూడదు కాబట్టి, ఆ పూటకు ఆపేసి ఇంటికి పోయాం. ఆదివారం సెలవైనా ఇద్దరం వచ్చాం. నాయన స్టూలు వేసుకుని మెయిన్ బోర్డు ముందే కాపలా కూర్చున్నాడు. తెచ్చుకున్న అన్నం కూడా అక్కడే తిన్నాడు. మధ్యాహ్నం మూడింటికి కంపైలర్ పూర్తయింది. దానితో వచ్చిన కొత్త లైబ్రరీ డిజైన్ ప్రోగ్రామ్‌కు మాత్రమే కనపడేలా చిన్న ఫైల్ రాశాను. మిషన్ ప్రోగ్రామ్ తన పాతదానితోనే నడుస్తుంది. ఒకే కంప్యూటర్‌లో రెండూ లేచి, దేని పని అది చేసుకున్నాయి.

సోమవారం పాత ఇనుము కొనే ఓబులేసు పొదిలి నుంచి ట్రాలీ ఆటో తెచ్చేసరికి, మిషన్ నల్లరాయి మీద తామరపువ్వు చెక్కుతోంది. నరసింహులు మామ దుమ్ము తుడిచి, రేకులు వేలితో తడిమి చూశాడు.

"ఏం మార్చినావమ్మా?"

"ఏమీ మార్చలేదు మామా. పాతది పాతచోటే ఉంది. కొత్తది దాని పక్కన పెట్టినా."

"ఇది అమ్మేది లేదులే ఓబులేసూ," అన్నాడు మామ.

మా నాయన యజమాని ముందు ఎప్పుడూ తలెత్తి మాట్లాడి ఎరగడు. ఆ రోజు ఎత్తాడు. "దీన్ని నిలబెట్టింది నా కూతురు. మళ్ళా ఎప్పుడన్నా అమ్మాలంటే ముందు ఆ బిడ్డను అడుగు అన్నా."

"అట్లనే మాల్యాద్రీ, అడుగుతాలే," అన్నాడు మామ. డిగ్రీ పట్టా అందుకున్న రోజు కూడా నేనంత గర్వపడలేదు.