క్రిస్మస్ పథ్యం

కృపాదానం మాస్టారికి షుగరు జబ్బని తేలింది 1961 అక్టోబరులో. నరసరావుపేటలో ముప్పై రెండేళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. భార్య పోయి ఆరేళ్ళయింది. కొడుకు ఆనందరావు తాలూకా ఆఫీసులో గుమాస్తా. కోడలు సుభాషిణి పెళ్ళికి ముందు గుంటూరులో నర్సు ట్రైనింగు పూర్తిచేసింది. ఉద్యోగంలో చేరే కాగితం కూడా వచ్చింది. వద్దన్నది మాస్టారే.

"మా ఇంటి కోడలు ఊళ్ళోవాళ్ళ మలమూత్రాలు ఎత్తాల్సిన అవసరం లేదు" అన్నాడు, అందరి ముందూ. సుభాషిణి ఆ కాగితాన్ని మడిచి పెట్టెలో పెట్టుకుంది. నాలుగేళ్ళపాటు ఆ మాట ఎత్తలేదు.

జబ్బు సంగతి తెలిసిన రోజు డాక్టరుగారు మామా కోడళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. "రోజూ పొద్దున ఇన్సులిన్ నలభై యూనిట్లు. సూది వేసిన అరగంటలో తిండి పడాలి, మర్చిపోకండి. ఎప్పుడన్నా చెమటలు పట్టి చేతులు వణికితే ఇంకేం ఆలోచించొద్దు, గుప్పెడు పంచదార నోట్లో పోసుకోండి. మందు ఎక్కువైతే అలా అవుద్ది. ఆలస్యం చేస్తే మనిషి దక్కడు."

సుభాషిణి తలూపింది. ఆ సంగతి ఆమెకి ట్రైనింగులోనే తెలుసు.

అప్పట్నుంచీ ఇంటి పెత్తనం కోడలి చేతికి మారింది. కొత్త కుండలో తడి ఇసక పోసి, చల్లగా ఉండేందుకు మందు సీసా అందులో పెట్టింది. పొద్దున్నే నీలం మందునీళ్ళలో మాస్టారి మూత్రం ఎనిమిది చుక్కలు వేసి స్పిరిటు దీపం మీద కాచేది. నీలంగా నిలిస్తే షుగరు లేనట్టు. ఆకుపచ్చకి తిరిగితే కొంచెం, పసుప్పచ్చకి తిరిగితే చానా, ఇటుక రంగొస్తే పూర్తిగా చెడిపోయినట్టు. ఈ పని ఆమె పెరట్లో చేసేది కాదు, వీధి అరుగు మీద చేసేది. దోవన పోయేవాళ్ళు ఆగి "ఇవాళ ఏం రంగమ్మా?" అని అడిగేవాళ్ళు. ఆమె గాజు గొట్టం పైకెత్తి చూపించేది. మాస్టారు లోపల గోడవైపు తిరిగి కూర్చునేవాడు.

ఆయనకి తిండంటే ప్రాణం. డాక్టరు చెప్పాడని మొదట్లో జేబులో పంచదార పొట్లం పెట్టుకుని తిరిగాడు. వారంలోనే సుభాషిణి అది లాగేసుకుంది.

"వణుకు లేదు, పాడూ లేదు. ఆ వంకన రోజూ నాకుతున్నాడు" అంది మొగుడితో. అదీ నిజమే.

డిసెంబరు వచ్చింది. క్రిస్టియన్ పేటలో మాస్టారి దగ్గర చదువుకోని ఇల్లు లేదు. పండగ నెలలో ఏ గడప తొక్కినా ఆయన చేతిలో అరిసో, కజ్జికాయో పెట్టకుండా పంపేవాళ్ళు కాదు. ఈసారి సుభాషిణి ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంటింటికీ తిరిగింది.

"మా మావయ్యగారికి తీపన్నది చూపించబాకండి. ఆయన అడుగుతాడు, ఏడుస్తాడు, ఒంట్లో బాగోలేదంటాడు. నమ్మబాకండి. పెడితే మీరు ఆయన్ని చంపినట్టే."

పేటవాళ్ళకి ఇదొక వేడుకైంది. క్రిస్మస్ పాటలవాళ్ళతో మాస్టారు వెళితే అందరికీ పళ్ళెంలో కజ్జికాయలొచ్చేవి, ఆయనకి గ్లాసుతో మజ్జిగ వచ్చేది. పిల్లలు ఆయన ముందు నిలబడి అరిసెలు కొరికి "తాతా, తింటావా?" అని పరిగెత్తేవాళ్ళు. ఒకప్పుడు ఆయన బెత్తం దెబ్బలు తిన్న మగవాళ్ళు పక్కకి తిరిగి నవ్వుకునేవాళ్ళు. ఆయనా నవ్వబోయేవాడు. కొన్నాళ్ళకి పాటలకి వెళ్ళడం మానేశాడు.

ఒళ్ళు మాత్రం బాగుపడింది. గాజు గొట్టం వరసగా తొమ్మిది రోజులు నీలంగా నిలిచింది. డాక్టరుగారు "నీలాంటి కోడలు ఇంటికొకతె ఉండాలమ్మా" అన్నాడు. ఆ మాట సుభాషిణి స్త్రీల ప్రార్థన కూటంలో చెప్పుకుంది.

ఇరవై నాలుగో తారీకు సాయంత్రం ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు మాస్టారు తాళంచెవి దొంగిలించి, బీరువాలో డాల్డా డబ్బా తీసి, నిలబడే నాలుగు కజ్జికాయలు తిన్నాడు. మీసానికి అంటిన కొబ్బరి పొడి కూడా వేలితో తీసుకుని తిన్నాడు.

పండగ పొద్దున గొట్టంలో ఇటుక రంగు తేలింది.

సుభాషిణి డబ్బా తీసి లెక్కపెట్టింది. సిరంజిలో మందు ఎక్కించుకుంటూ మొగుణ్ణి పిలిచింది. "చూడండి మీ నాన్న నిర్వాకం. నెలంతా నా కష్టం బూడిదలో పోశాడు. ఇవాళ యాభై వేస్తన్నా."

మాస్టారు చొక్కా చెయ్యి పైకి మడిచి చిన్నపిల్లాడిలా నిలబడ్డాడు. సూది తీశాక మెల్లగా అడిగాడు. "అమ్మాయీ, టిఫిను?"

"నిన్న తిన్న నాలుగే టిఫిను. గుళ్ళో ఆరాధన అయ్యాక విందులో మీకు విడిగా గోధుమ రొట్టె, బీరకాయ కూర పెట్టిస్తాను. అందాకా ఓర్చుకోండి."

"డాక్టరు అరగంటలో తినాలన్నాడుగా" అన్నాడు ఆనందరావు.

"డాక్టరు కజ్జికాయలు తినమన్నాడా?"

ఆనందరావు వంగి బూట్ల లేసులు కట్టుకున్నాడు. ముగ్గురూ బయటికొచ్చాక సుభాషిణి ఇంటికి తాళం వేసి చెవి బొడ్లో దోపుకుంది.

గుళ్ళో జనం కిటకిటలాడుతున్నారు. మగవాళ్ళు కుడిపక్క, ఆడవాళ్ళు ఎడమపక్క. పాస్టరుగారి ప్రసంగం సగంలో ఉండగా మాస్టారికి పెదవులు తిమ్మిరెక్కాయి. డిసెంబరు చలిలో చొక్కా తడిసి వీపుకి అతుక్కుంది. చేతులకేసి చూసుకున్నాడు. పాటల పుస్తకం దడదడా కొట్టుకుంటోంది. ఏం జరుగుతోందో ఆయనకి అర్థమైంది. పక్కన కొడుకు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఆడవాళ్ళవైపు చూస్తే సుభాషిణి ముందు వరసలో ఉంది. లేచి, గోడ పట్టుకుంటూ బయటికొచ్చాడు.

గుడి వెనక పందిట్లో విందు వంటలు జరుగుతున్నాయి. పెద్ద గుండిగలో పరవాన్నం ఉడికి పొగలు కక్కుతోంది. ప్రేమమ్మ తెడ్డు పట్టుకుని దగ్గర నిలబడింది. ఆమె మూడో తరగతి ఆయన దగ్గరే చదివింది.

"ప్రేమమ్మా, కాస్త... కాస్త పెట్టు."

"అమ్మో! మీకా? మీ కోడలు చూసిందంటే నా పీక పిసుకుద్ది."

"మందు ఎక్కువైంది. పోతాను. పంచదార పెట్టు తల్లీ."

ప్రేమమ్మ పక్కవాళ్ళకేసి చూసి నవ్వింది. "చెప్పింది చెప్పినట్టే చేస్తన్నాడే! ఒంట్లో బాగోలేదంటాడని ఆ పిల్ల ముందే అనలా?"

ఉల్లిపాయలు తరుగుతున్న ఆడవాళ్ళంతా నవ్వారు. ఆయన ఇంకా ఏదో అన్నాడు కానీ నాలుక మడతపడి మాట ముద్దగా వచ్చింది. "పండగ పూట తాగొచ్చాడా ఏంది?" అన్నారెవరో. ఆయన ఉన్నట్టుండి కాలుతున్న గుండిగలోకి చెయ్యి పెట్టాడు. ఇద్దరు మగవాళ్ళు ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి విరిచారు. ఒకమ్మాయి సుభాషిణి కోసం గుళ్ళోకి పరిగెత్తింది.

సుభాషిణి వచ్చి చూసింది. మామగారి నుదుటి మీద చెమట బొట్లు. కళ్ళు ఎటో తేలిపోతున్నాయి. ఆమె నర్సు. చూసిన మరుక్షణం ఆమెకి తెలిసిపోయింది. కానీ చుట్టూ పాతికమంది ఉన్నారు. ఈ నెలంతా వాళ్ళందరికీ తను చెప్పిన మాట ఒకటే. ఇప్పుడు తన చేత్తో ఆయన నోట్లో పరవాన్నం పెడితే వీళ్ళేమనుకుంటారు? మందు ఎక్కువ ఎందుకేశావని అడగరా? టిఫిను ఎందుకు పెట్టలేదని అడగరా? ఇంటికి తీసుకెళ్ళి ఎవరూ చూడకుండా పంచదార పెట్టొచ్చు, పది నిమిషాల్లో ఏమీ కాదు అనుకుంది.

మాస్టారు విడిపించుకుని పరవాన్నం అంటిన వేళ్ళు నోటి దగ్గరికి తీసుకెళుతున్నాడు. సుభాషిణి ఆ చెయ్యి పట్టుకుని, చెంబులో నీళ్ళు వంచి, కాలి ఎర్రబడ్డ వేళ్ళని ఒక్కొక్కటిగా పైట చెంగుతో శుభ్రంగా తుడిచింది.

"చాలు నాటకాలు. ఇంటికి పదండి" అంది.

ఇల్లు రెండు వీధుల అవతల. సగం దూరం నడిచాడు, సగం దూరం ఆమె ఈడ్చింది. అరుగు మీద కూర్చోబెట్టి తాళం తీసింది. లోపలికి పరిగెత్తి పంచదార డబ్బా వెతుకుతుండగానే ఆయన పక్కకి ఒరిగిపోయాడు. ఎదురింటి ఖాతూన్ బీ అది చూసి వచ్చింది. సుభాషిణి ఏనాడూ ఆమె ఇంటి గడప తొక్కలేదు కాబట్టి తీపి పెట్టొద్దని ఆమెకెవరూ చెప్పలేదు.

"ఏమైంది అన్నా?"

"బెల్లం" అన్నాడు. తర్వాత "యాభై" అన్నాడు. ఆయన నోట స్పష్టంగా వచ్చిన ఆఖరి మాటలవే.

ఖాతూన్ బీ పరిగెత్తి గ్లాసుతో బెల్లం నీళ్ళు తెచ్చేసరికి పళ్ళు బిగుసుకుపోయాయి. పోసిన నీళ్ళు పోసినట్టే మెడ మీదకి కారాయి. ఫిట్స్ మొదలయ్యాయి. సుభాషిణి పంచదార పిడికిట్లో పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది.

డాక్టరు దొరికి, వచ్చేసరికి గంటన్నర పట్టింది. నరానికి గ్లూకోజు ఎక్కిస్తూ అడిగాడు. "ఎన్ని యూనిట్లు వేశారు?"

"రోజూ వేసేవే. నలభై."

"తిన్నాడా?"

"తిన్నారు."

డాక్టరు ఆనందరావు వంక చూశాడు. కబురంది గుళ్ళోంచి వచ్చిన ఆనందరావు తండ్రి పాదాలు రుద్దుతూనే ఉన్నాడు. ఖాతూన్ బీ ఏదో చెప్పబోతే సుభాషిణి "మీరు కాస్త గాలి రానివ్వండి" అని ఆమెని బయటికి పంపి తలుపు దగ్గరగా వేసింది.

మాస్టారు చావలేదు. మూడో రోజుకి కళ్ళు తెరిచాడు కానీ ఎవర్నీ గుర్తుపట్టలేదు. మాట పోయింది. అన్నం పెడితే నమిలేవాడు, పెట్టకపోతే ఊరుకునేవాడు. కాకరకాయ పెట్టినా, కజ్జికాయ పెట్టినా ఒకేలా నమిలేవాడు. సుభాషిణి తూచి వండి, చెంచాతో పెట్టి, మూతి తుడిచేది. పక్క మార్చేది, మలమూత్రాలెత్తేది. ఒంటి మీద ఒక్క పుండు పడనివ్వలేదు. పేటలో ఆడవాళ్ళు ఆమెని చూసి కళ్ళు తుడుచుకునేవాళ్ళు. మరుసటేడు క్రిస్మస్ ప్రసంగంలో పాస్టరుగారు ఆమె పేరెత్తి, మావగారి సేవ ఎలా చెయ్యాలో ఈ బిడ్డని చూసి నేర్చుకోండని చెప్పాడు.

ఆనందరావు ఆ ఏడాది మొదట్నుంచే రెండు పూటలా స్టేషను దగ్గర హోటల్లో తింటున్నాడు.